చిన్న వ్యాపారి వెబ్‌సైటు – దాని బరువు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు మాకు అప్పగించిన విషయం “చిన్న వ్యాపారాలు – వెబ్‌సైట్ల వేగం”. ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునే మాస్టరుకు వెబ్‌సైట్లతో ఏమి పని అని కొందరు పెద్దలు లోలోపల నవ్వుకుంటూ వుండవచ్చు. మేము కంప్యూటరు నిపుణులము కాము, నిజమే. కాని ఈ విషయం సగానికి పైగా లెక్కల విషయమే. గుణకారం, భాగహారం వచ్చిన వారెవరికైనా బోధపడుతుంది. మా దగ్గర చదువుకున్న పిల్లలు కొందరు ఇప్పుడు ఈ వెబ్‌సైట్లు తయారుచేసే పనిలోనే వున్నారు. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, అడిగి, చేసి చూసి తెలుసుకున్న సంగతులనే మీ ముందు పెడుతున్నాము.

మనవాళ్ల వ్యాపారాలు ఎలాంటివో మీకు తెలియనిది కాదు. టైలరింగు, అత్తరు, పరుపుల తయారీ, బేకరీ, వెల్డింగు షాపు, పెళ్లిళ్లకు బిర్యానీ వంట కాంట్రాక్టు, ఇంటి దగ్గర ఆడవాళ్లు కుట్టే జర్దోసీ, మగ్గం పని. ఈ మధ్య వీళ్లలో చాలామంది పదివేలో పదిహేను వేలో ఖర్చుపెట్టి వెబ్‌సైటు పెట్టించుకున్నారు. సంతోషమే. కాని పెట్టించుకున్న తరువాత అది ఎంతసేపటికి తెరుచుకుంటున్నదో ఎంతమంది చూశారు? యజమాని చూసేది దుకాణంలో వైఫై మీద, కొత్త ఫోనులో. పైగా ఒకసారి చూసిన పేజీ బొమ్మలు ఫోను తన దగ్గర దాచిపెట్టుకుంటుంది. అందుచేత యజమానికి తన వెబ్‌సైటు ఎప్పుడు చూసినా చురుకుగానే కనబడుతుంది. మొదటిసారి వచ్చే గిరాకీకి అలా కనబడదు.

ఆ గిరాకీ ఎవరు? మన కడప, రాయచోటి, బద్వేలు వైపు కువైట్ పోయిన మనిషి లేని వీధి లేదు. అక్కడ డ్రైవరుగా పనిచేసే ఒక తమ్ముడు సెలవు మీద వచ్చినప్పుడు మాతో చెప్పిన మాట ఇది. కూతురి పుట్టినరోజుకు ఇక్కడి మనవాళ్ల బేకరీ నుండే కేకు పంపించాలని ఆయన కోరిక. రాత్రి డ్యూటీ దిగి, ఎనిమిది మంది వున్న గదిలో, అందరూ పంచుకునే వైఫై మీద ఆ బేకరీ వెబ్‌సైటు తెరిచాడు. తెల్లటి తెర. కాసేపటికి పైన ఒక గీత. ఆ తరువాత సగం బొమ్మ. “ఎంతసేపని చూడమంటారు సార్? తెల్లవారి నాలుగింటికి లేవాలి” అన్నాడు. వేరే ఒక పెద్ద కంపెనీ ద్వారా కేకు పంపించి పడుకున్నాడు. బేకరీ యజమానికి ఈ సంగతి ఈనాటికీ తెలియదు. దుకాణం ముందుకు వచ్చి వెనక్కు తిరిగిపోయిన మనిషి కంటికి కనబడతాడు, పిలుస్తాము, “రండి భాయ్, ఏం కావాల” అంటాము. వెబ్‌సైటు దగ్గర నుండి వెనక్కు పోయినవాడు కనబడడు. ఈ నష్టం ఏ ఖాతాలోనూ ఎక్కదు.

ఇలా వెనుదిరిగేవాళ్లు కొద్దిమంది అనుకోకండి. సెల్‌ఫోనులో ఒక పేజీ తెరుచుకోవడానికి మూడు సెకండ్లు దాటితే నూటికి 53 సందర్భాలలో చూసేవాళ్లు వదిలి వెళ్లిపోతున్నారని గూగుల్ సంస్థ 2016లో ప్రకటించింది. అది ప్రపంచం మొత్తం మీద లెక్క, మన ఊరి లెక్క కాదు. మనవాళ్లకు ఇంకాస్త ఓపిక వుందనే అనుకుందాం. అయినా నిమిషం పాటు ఓపిక పట్టేవాడు ఎవడు?

ఒక బట్టల దుకాణం వెబ్‌సైటు మొదటి పేజీని పిల్లలు కొలిచి చూపించారు. 12 మెగాబైట్లు వచ్చింది. ఒక బైటుకు ఎనిమిది బిట్లు. కాబట్టి 12ను 8తో గుణిస్తే 96 మెగాబిట్లు. సిగ్నలు సరిగా లేని 4జి ఎలా వుంటుందో చూపడానికి గూగుల్ వాళ్ల పరీక్షలో సెకనుకు 1.6 మెగాబిట్లు అని పెట్టుకుంటారు. బస్సులో పోతున్నప్పుడు, పెళ్లి హాలులో వెయ్యిమంది మధ్య వున్నప్పుడు మన ఫోనుకు అందేది అంతకంటే మెరుగ్గా వుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. 96ను 1.6తో భాగించండి. అరవై సెకండ్లు! అదే పేజీని 900 కిలోబైట్లకు దించితే 7.2 మెగాబిట్లు, భాగిస్తే నాలుగున్నర సెకండ్లు. అందులోనూ పైభాగం ముందుగా వచ్చేట్టు చేస్తే చూసేవాడికి దుకాణం పేరు, ఫోన్ నంబరు రెండు సెకండ్లలోపే కనబడతాయి. మేము చెప్పదలచుకున్నది ఇంతే. వేగం అనేది కొనుక్కొచ్చే సామాను కాదు, చాలావరకు బరువు దించుకోవడమే.

ఆ పన్నెండు మెగాబైట్లు ఎక్కడివి? అక్షరాలవి కాదు. ఆ పేజీలోని మాటలన్నీ కలిపినా ఇరవై కిలోబైట్లు లేవు. మిగతా బరువులో అత్యధిక భాగం ఫోటోలదే. యజమాని గారి అబ్బాయి మంచి ఫోనుతో ఫోటోలు తీసి, వాటిని తీసినవి తీసినట్లే ఎక్కించాడు. మూడు ఫోటోలే పది మెగాబైట్లు దాటాయి.

ఇక్కడ మళ్లీ లెక్క. ఈనాటి మామూలు ఫోను తీసే ఫోటో 4000 చుక్కల వెడల్పు, 3000 చుక్కల ఎత్తు వుంటుంది. గుణిస్తే కోటీ ఇరవై లక్షల చుక్కలు. చూసేవాడి ఫోను తెర వెడల్పు సాధారణంగా 720 చుక్కలు, బాగా వుంటే 1080. ఆ 1080కి తగినట్టుగా ఫోటోను తగ్గిస్తే 1080 ఇంటూ 810, అనగా ఎనిమిది లక్షల డెబ్బయి నాలుగు వేల ఎనిమిది వందల చుక్కలు. అసలు దానిలో పద్నాలుగో వంతు కంటే ఒక పిసరు ఎక్కువ. మిగతా పదమూడు వంతుల చుక్కలను సముద్రం దాటించి, టవరు ఎక్కించి, గిరాకీ డబ్బుతో కొన్న డేటా కరిగించి, ఆఖరుకు ఫోను ఏం చేస్తుంది? కుదించి పారేస్తుంది. గిద్దెడు బియ్యం పట్టే డబ్బాలోకి బస్తా గుమ్మరించినట్లు.

దీనికి మందు పైసా ఖర్చులేనిది. స్క్వూష్ అనే ఉచిత సాధనం వుంది. బ్రౌజరులోనే పనిచేస్తుంది. ఫోటో అందులో వేసి, వెడల్పు 1080 అని పెట్టి, వెబ్‌పి అనే రకంలో దాచుకోవాలి. ఈ వెబ్‌పి 2010లో గూగుల్ తెచ్చినది. అదే నాణ్యత గల జేపెగ్ ఫోటో కంటే పావు నుండి మూడోవంతు వరకు తేలిక అని వాళ్లే చెబుతారు. నాలుగు మెగాబైట్ల ఫోటో మా కళ్లముందే నూట ఎనభై కిలోబైట్లకు దిగింది. అసలు ఫోటోలను మాత్రం వేరేచోట భద్రంగా వుంచుకోండి, రేపు పెళ్లి కార్డుల ప్రెస్సు వాడో, ఫ్లెక్సీ వాడో అడిగితే కావాలి.

మగ్గం పని చేసే ఒక చెల్లెలు అడ్డం తిరిగింది. “ఫోటో చిన్నది చేస్తే జరీ మెరుపు ఏం కనబడుతుంది మాస్టారూ? మా పనికి ఆ మెరుపే కదా విలువ?” అని. న్యాయమైన ప్రశ్న. ఆమెకు మేము చెప్పినదేమంటే, ముందు చిన్న ఫోటోలు వరుసగా వుండాలి; ఏ జాకెట్టు నచ్చితే దాని మీద వేలు పెట్టినప్పుడు మాత్రం పెద్ద ఫోటో తెరుచుకోవాలి. దుకాణంలో చీరలు చూపించే పద్ధతి కూడా అదే కదా. ముందు మడతలు చూపిస్తాము, అడిగినదే విప్పుతాము. వచ్చిన ప్రతివాడి ముందు బీరువాలోని చీరలన్నీ విప్పి పరిచేవాడు ఎవడూ లేడు.

పేజీలో కిందనున్న ఫోటోలు చూసేవాడు కిందికి జరిపినప్పుడే రావాలి. అందుకు చిన్న సూచన ఒకటి వుంది, “లేజీ లోడింగ్” అంటారు. 2019 నుండి క్రోమ్ బ్రౌజరులోనే ఆ ఏర్పాటు వుంది. కాని కొందరు కుర్రవాళ్లు ఉత్సాహం కొద్దీ పైన మొదట కనబడవలసిన ఫోటోకు కూడా దానిని తగిలిస్తున్నారు. అప్పుడు అది మరింత ఆలస్యమవుతుంది. అలాగే ప్రతి ఫోటోకు పొడవు, వెడల్పు ముందే రాసి పెట్టించండి. లేకపోతే ఏమవుతుందంటే, పెద్దాయన ఎవరో “ఫోన్ చేయండి” అన్న బటను నొక్కబోతాడు, అదే క్షణంలో పైన ఫోటో వచ్చి పడుతుంది, బటను కిందికి జారిపోతుంది, వేలు ఇంకెక్కడో పడుతుంది. ముసలివాళ్లు దీనితో హడలిపోయి ఫోను పక్కన పడేయడం మేము చూశాము.

ఇక అక్షరాల సంగతి. ఉర్దూ మాస్టరులము గనుక దీని దగ్గర కాస్త నిలబడనివ్వండి. మన దుకాణాల వాళ్లు బోర్డు మీద ఉర్దూలో పేరు వుండాలంటారు, అదీ నస్తాలీఖ్ రాతలోనే. చాలా మంచిది, ఆ రాత అందం వేరు. ఐతే నస్తాలీఖ్‌లో అక్షరాలు పక్కపక్కన నిలబడవు, ఒకదాని మీద ఒకటి వాలుతూ దిగుతాయి. అందుకే 1981లో మీర్జా అహ్మద్ జమీల్ గారు నూరీ నస్తాలీఖ్‌ను కంప్యూటరు అచ్చుకు తెచ్చినప్పుడు విడి అక్షరాలు కాదు, అక్షరాల గుత్తులే సుమారు ఇరవై వేలు తయారుచేయవలసి వచ్చింది. ఆ దారిలో వచ్చిన ఫాంట్లు ఈనాటికీ అనేక మెగాబైట్ల బరువు. దుకాణం పేరు రెండు మాటలు చూపించడానికి అంత ఫాంటును గిరాకీ ఫోనులోకి దించడం ఏం న్యాయం? ఆ రెండు మాటలను మంచి ఖుష్‌నవీసు చేత రాయించి, చిన్న బొమ్మగా పెడితే కొద్ది కిలోబైట్లతో సరిపోతుంది. పేజీ నిండా ఉర్దూ వ్యాసం వుంటే వేరే మాట. అప్పుడు నోటో నస్తాలీఖ్ ఉర్దూ లాంటి తేలికపాటి ఫాంటు వాడుకోవచ్చు.

తెలుగుకు ఆ బాధ కూడా లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలోను, ఐఫోన్లలోను తెలుగు అక్షరాలు ముందే వుంటాయి. వాటినే వాడమని చెప్పండి. అలంకారానికి వేరే ఫాంటు కావాలంటే శీర్షికకు ఒక్కటి చాలు. గుణింతాలు, ఒత్తులు వున్న లిపి గనుక మన ఫాంటు ఇంగ్లీషు ఫాంటు కంటే బరువే. నాలుగు రకాల తెలుగు ఫాంట్లు పెట్టిన ఒక క్యాటరింగు వెబ్‌సైటులో అవి దిగేవరకు మాటలే కనబడలేదు, ఖాళీ జాగా కనబడింది.

దీనికి తలకిందులుగా ఇంకో అలవాటు వుంది. ధరల పట్టీని ఫ్లెక్సీ నుండి ఫోటో తీసి పెట్టడం. అది బరువూ బరువే, చదవడానికి వేళ్లతో సాగదీయాలి, గూగుల్‌లో వెతికితే దొరకదు, చూపులేనివాళ్లకు ఫోను చదివి వినిపించలేదు. “మటన్ బిర్యానీ, కిలో ఇంత” అని మామూలు అక్షరాలలో రాస్తే పోయేదానికి ఎందుకొచ్చిన తంటా!

తరువాతది, తగిలింపులు. మూలన లేచి పలకరించే మాటల పెట్టె, తనంతట తాను తిరిగే ఫోటోల చక్రం, మ్యాపు, యూట్యూబు వీడియో, పండుగ వస్తే తెర మీద రాలే పువ్వులు. ఇవన్నీ జావాస్క్రిప్టు అనే రాతతో నడుస్తాయి. ఫోటోకూ దీనికీ ఒక తేడా వుంది. ఫోటో దిగితే చాలు, కనబడుతుంది. జావాస్క్రిప్టు దిగిన తరువాత ఫోను దానిని చదివి, అర్థం చేసుకుని, నడిపించాలి. డెబ్బయి వేల ఫోనుకు అది చిటికెలో పని. ఏడువేల ఫోనుకు దానికి ఎన్నో రెట్ల సమయం. అంతవరకు తెర మీద బటను కనబడుతుంది గాని నొక్కితే పలకదు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఈ భారమంతా చివరకు పడేది పాత ఫోను పట్టుకుని వచ్చిన బీదవాని మీద. పరుపు దూది ఏకించుకోవడానికి వచ్చేది, స్కూలు యూనిఫారం కుట్టించుకోవడానికి వచ్చేది ఎక్కువగా వాళ్లే కదా!

నొక్కిన వెంటనే పలకడం అంత పెద్ద విషయమా అని అడుగుతారేమో. బస్సు టిక్కెట్ల రెడ్‌బస్ పేరు అందరికీ తెలుసు. మన తెలంగాణ వాడైన ఫణీంద్ర సామ గారు మిత్రులతో కలిసి 2006లో ప్రారంభించిన సంస్థ. వాళ్లు తమ వెబ్‌సైటు నొక్కిన వెంటనే పలికేటట్లు సరిదిద్దుకుంటే అమ్మకాలు 7 శాతం పెరిగినట్లు 2023లో ప్రకటించారు. అంత పెద్ద సంస్థకే ఏడు శాతం తేడా చేసిన విషయం మనకు చిన్నదెలా అవుతుంది?

తగిలింపులన్నీ పీకేయమని మేము అనడం లేదు. మాటల పెట్టె బదులు వాట్సప్ నంబరుకు ఒక మామూలు లింకు పెట్టండి, దాని బరువు సున్నా అనుకోవచ్చు. మ్యాపు బదులు “దారి చూపించు” అన్న లింకు చాలు. వీడియో బదులు దాని తాలూకు ఒక నిశ్చల చిత్రం వుంచి, నొక్కినవాళ్లకే వీడియో వచ్చేట్టు చేయవచ్చు. తిరిగే ఫోటోల చక్రం మాత్రం, మా అభిప్రాయంలో, దండగ. రెండో ఫోటో వచ్చేదాకా నిలబడి చూసే గిరాకీని మేము ఎక్కడా చూడలేదు.

సర్వరు దూరం గురించి ఒక్క మాట. మీ వెబ్‌సైటు వుండే కంప్యూటరు అమెరికాలో వుంటే, గాజు తీగలో వెలుతురు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోయినా, పోయి రావడానికి సెకనులో ఐదోవంతుకు పైగా పడుతుంది. మొదటి అక్షరం రాకముందే అలాంటి రాకపోకలు మూడు, నాలుగు జరుగుతాయి. ముంబయిలోను, 2022 నుండి హైదరాబాదులోను అమెజాన్ వాళ్ల పెద్ద సర్వరు కేంద్రాలున్నాయి. ఇతర కంపెనీలవీ మన దేశంలో వున్నాయి. మీ గిరాకీ ఇక్కడే వుంటే సర్వరు కూడా ఇక్కడే వుండాలని హోస్టింగు వాళ్లను అడగండి. కాని ముందు ఫోటోలు దించకుండా సర్వరు మార్చడం వల్ల పెద్ద లాభం లేదు.

ఇది ఎందుకు గట్టిగా చెబుతున్నామంటే, మన వ్యాపారి ఒకాయనకు ఒక కంపెనీ వాళ్లు ఫోన్ చేసి “మీ వెబ్‌సైటు స్లో, స్పీడు ప్యాకేజీ తీసుకోండి” అని ఇరవై వేలు కట్టించుకున్నారు. పెద్ద సర్వరు ఇచ్చారు, వేగం పెంచుతాయని చెప్పి మరో మూడు ప్లగిన్లు తగిలించారు. మొదటి పేజీలో ఐదు మెగాబైట్ల ఫోటో ఎక్కడిది అక్కడే వుంది. ఆయన కూతురు, ఇంటర్ చదివే అమ్మాయి, ఒక ఆదివారం కూర్చుని ఆ ఫోటోలన్నీ తగ్గించింది. తేడా ఆ రోజే తెలిసింది. ఇరవై వేలు మాత్రం తిరిగి రాలేదు.

డబ్బు అడిగినవాడికి ఇచ్చే ముందు మీరే కొలుచుకోండి. గూగుల్ వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఉచిత పరీక్ష వుంది. వెబ్‌సైటు పేరు రాస్తే నూటికి మార్కులు వేస్తుంది: 90, ఆపైన ఆకుపచ్చ, 50 కంటే తక్కువైతే ఎరుపు. మాస్టరులము అయి వుండీ చెబుతున్నాము, మార్కుల వెంట పడకండి. అందులో చూడవలసినవి మూడు. పేజీలో పెద్ద భాగం రెండున్నర సెకండ్ల లోపల కనబడుతున్నదా, నొక్కితే సెకనులో ఐదోవంతు లోపల పలుకుతున్నదా, పేజీ అటూఇటూ గెంతకుండా నిలకడగా వున్నదా. పలకడం గురించిన ఈ కొలతను 2024 మార్చిలోనే ముఖ్యమైన వాటిలో చేర్చారు. చిన్న దుకాణాలకు వచ్చేవాళ్లు తక్కువ గనుక నిజమైన వాడకందారుల లెక్కలు మీకు ఖాళీగా కనబడవచ్చు, కంగారు పడకండి. కింద యంత్రం చేసిన పరీక్ష ఫలితం వుంటుంది, ఏ ఫోటో ఎంత బరువో పేరుతో సహా చెబుతుంది.

దానికన్నా మాకు నమ్మకమైన పరీక్ష ఇంకొకటి వుంది. ఇంట్లో అమ్మీ దగ్గరో, చాచా దగ్గరో వున్న పాత ఫోను తీసుకోండి. వైఫై తీసేయండి. మీ వెబ్‌సైటు ఎన్నడూ తెరవని ఫోను అయి వుండాలి. గడియారం చూస్తూ తెరవండి. ఫోన్ నంబరు కనబడేసరికి ఎన్ని సెకండ్లయిందో రాసుకోండి.

ఒక సందేహానికి జవాబు. వేగం పెరిగితే బేరాలు వాటంతట అవే పెరుగుతాయా? పెరగవు. సరుకు బాగుండాలి, ధర న్యాయంగా వుండాలి, వాట్సప్‌లో అడిగినవాడికి ఆ రోజే జవాబివ్వాలి. అంతేకాదు, కొందరికి అసలు వెబ్‌సైటే అక్కరలేదు. పంక్చరు షాపుకు, గూగుల్ మ్యాపులో పేరు, సమయాలు, ఫోన్ నంబరు సరిగ్గా వుంటే సరిపోతుంది. అది ఉచితం. వెబ్‌సైటు అవసరం వచ్చేది సరుకు చూపించవలసిన వాళ్లకు, దూరపు గిరాకీ వున్నవాళ్లకు.

చివరగా ఒక ఇబ్బంది. పిల్లలు సాయం చేద్దామని వెళితే చాలాచోట్ల యజమాని దగ్గర పాస్‌వర్డు లేదు. తయారుచేసినవాడి దగ్గర వుంది, అతను ఊరు మారిపోయాడు, ఫోను ఎత్తడు. తన దుకాణం తాళంచెవి మేస్త్రీ దగ్గర వదిలేసినట్టుంది ఇది! వెబ్‌సైటు పేరు మీ పేరు మీదే రిజిస్టరు అయిందా, పాస్‌వర్డులు మీ దగ్గర వున్నాయా అన్నది ఈ వారంలోనే కనుక్కోండి.

సంఘం వారి అనుమతితో, వచ్చే నాలుగు ఆదివారాలు ఉదయం పది నుండి పన్నెండు వరకు మా బడిలో కూర్చుంటాము. మా పాత విద్యార్థులు నలుగురైదుగురు వస్తారు. రుసుము ఏమీ లేదు. ఆడవాళ్లకు వేరే గది, అక్కడ చూపించడానికి అమ్మాయిలే వుంటారు. వచ్చేవాళ్లు వెబ్‌సైటు పేరు, పాస్‌వర్డులు రాసిన కాగితం, సరుకుల అసలు ఫోటోలు, ఇంట్లో వున్న అన్నిటికన్నా పాత ఫోను తీసుకురావాలి. ఛార్జరు కూడా తెచ్చుకోండి, ఆ ఫోన్లకు బ్యాటరీ నిలబడదు.